పక్కింటి నిద్ర చెడని పాట

మన బొగ్గు ప్రాంతంలో పాట అనగానే ఎవరికైనా ముందు డప్పు గుర్తుకొస్తుంది. అది సహజం. 1981లో 56 రోజుల సమ్మె చేసిన నేల ఇది. గేటు మీటింగైనా, చౌరస్తాలో సభైనా, పాట పడకుండా ఉపన్యాసం మొదలయ్యేది కాదు. గూడ అంజయ్య పుట్టింది గోదావరికి అవతలి ఒడ్డున, దండేపల్లి దగ్గరి లింగాపురంలో. ఇక గద్దర్ సంగతి చెప్పేదేముంది! 2023 ఆగస్టు 6న ఆయన పోయిన నాడు మా వాడలో చదువురాని ముసలివాళ్లు కూడా ఆయన పాటలు చరణం తప్పకుండా తలుచుకున్నారు. మన విద్యార్థి సంఘం సంచికకు పాట మీద ఏదైనా రాయమని అడిగిన తమ్ముడి మనసులో ఉన్నది కూడా బహుశా ఆ డప్పే అయి ఉంటుంది.

నేను రాయబోయేది మరో పాట గురించి. గట్టిగా పాడని పాట గురించి. యాభై దాటిన ఒక మనిషి తానే రాసుకుని, తానే వరస కట్టుకుని, ఎక్కడా గొంతు చించుకోకుండా పాడిన ఎం.ఎస్.రామారావు గారి 'సుందరకాండ' గురించి. గోదావరిఖనిలో డప్పు వినని వాడు ఉండడు, నిజమే. అయితే ఈ పాట వినని క్వార్టరు కూడా నా ఎరుకలో లేదు. మొదటిది చౌరస్తాలో వినబడేది కనుక అందరూ దాని గురించి రాశారు. రెండోది వంటింట్లో వినబడేది. అందుకే కాబోలు, దాని గురించి రాయాలని ఎవరికీ తోచలేదు.

క్వార్టర్లలో పెరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు గాని, బయటి ఊళ్ల నుంచి వచ్చి మన కాలేజీలో చదివిన మిత్రుల కోసం ఒక సంగతి చెప్పాలి. బాయికి మూడు షిఫ్టులు. ఒకరిది మొదటి షిఫ్టయితే పక్కింటాయనది రాత్రి షిఫ్టు. అవీ స్థిరంగా ఉండవు, మారుతుంటాయి. కాబట్టి పట్టపగలు ఏ వేళ చూసినా వరసలో ఏదో ఒక ఇంట్లో ఒక మనిషి నిద్రపోతూ ఉంటాడు. ఆ ఇంటి కిటికీకి దుప్పటి కట్టి ఉంటుంది. ఆ గోడకు పిల్లలు బంతి కొట్టకూడదు. ఆ వైపు రోలు వాడకూడదు. "సప్పుడు సెయ్యకుండ్రి, రాత్రి షిఫ్టు జేసి పండుకున్నడు" అన్న మాట వినకుండా మాకు ఒక్క మధ్యాహ్నం గడిచేది కాదు. మిగతా ఊళ్లలో పగటినిద్ర బద్ధకం. మా దగ్గర అది టోపీ, బూట్లు, బెల్టు లాగే బాయి దిగడానికి కావలసిన సామాను. నిద్ర చాలని మనిషి కింద ఒక్క క్షణం ఏమరితే ఏమవుతుందో మా అమ్మలకు బాగా తెలుసు.

మా బాపు కోల్‌ఫిల్లరు. తట్టా చెమ్మాస్ పని. టబ్బులు నింపి వచ్చిన మనిషి చేతులు అన్నం కలపడానికి కూడా మొరాయించేవి. ఆయన నిద్రపోతున్నంత సేపూ ఇంట్లో టేపురికార్డరు మా అమ్మ చట్టాల ప్రకారం మోగాలి. సౌండు తిప్పే చక్రం మీద ఆమె కుంకుమతో ఒక గీత పెట్టింది. ఆ గీత దాటితే పెట్టె మూత పడినట్టే. ఆ గీత దగ్గర ఏ పాట బతుకుతుందో, ఏది చచ్చిపోతుందో నాకు పదేళ్ల వయసులోనే తెలిసిపోయింది. డప్పు పాట బతకదు. దాన్ని తగ్గించి వింటే సింహాన్ని సంచిలో పెట్టినట్టుంటుంది. సినిమా పాటల్లో సగం వాద్యాలు మాయమైపోయి ఉత్త ఈల మిగిలేది. ఘంటసాల భగవద్గీత కొంతవరకు నిలిచేది. కానీ అది పై మెట్టు మీద నిలబడి చెప్పే గురువు గొంతు, కాస్త ఎత్తు కావాలి. రామారావు గారి గొంతు ఒక్కటే ఆ గీత దగ్గర కూడా చెక్కుచెదరకుండా ఉండేది. ఆయన అసలే పక్కన కూచుని, మోకాలు చుట్టూ చేతులు వేసుకుని చెబుతున్నట్టు పాడతాడు. దాన్ని ఇంకెంత తగ్గిస్తాం?

ఈ మెత్తదనం ఎక్కడిది అని నేను చాలాకాలం ఆలోచించాను. గొంతు తత్వం కొంత కావచ్చు. కాలం కూడా కొంత. మన పెద్దల నాటక పద్యం గుర్తు చేసుకోండి. మైకు లేని రోజుల్లో వెయ్యిమంది జనానికి ఆఖరి వరస దాకా వినబడాలి కనుక నటుడు శ్రుతి పెంచి, ఊపిరి బిగబట్టి రాగం తీసేవాడు. మైకు వచ్చాక గాయకుడికి మొదటిసారి గుసగుసలాడే హక్కు దొరికింది. 1938 జూన్‌లో మద్రాసులో రేడియో కేంద్రం, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. శ్రోత ఎక్కడో మైదానంలో కాదు, ఇంట్లో బల్ల పక్కనే ఉన్నాడని గాయకులు గ్రహించారు. సాలూరి రాజేశ్వరరావు, బాలాంత్రపు రజనీకాంతరావు, బాలసరస్వతీదేవి వంటి వాళ్ల దగ్గర 'లలిత సంగీతం' అన్న మాటకు ఒక రూపం వచ్చింది. గుంటూరు జిల్లా మోపర్రులో 1921లో పుట్టిన రామారావు ఆ తరం మనిషే. 1944లో వచ్చిన 'తహసీల్దార్' నుంచి తెరవెనుక పాడాడు. తెలుగులో తొలి నేపథ్య గాయకుల్లో ఆయన్ని లెక్కిస్తారు. అంటే మైకు ముందు మెల్లగా పాడటం ఎలాగో మన భాషలో మొదట నేర్చుకున్న కొద్దిమందిలో ఒకడన్నమాట.

తర్వాత సినిమా ఆయనకు దూరమైంది. అది ఎందుకు, ఎలా అన్న కథలు చాలా వినబడతాయి, వాటి జోలికి పోను. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. పాతికేళ్ల కుర్రవాడిగా ఆయన ఈ సుందరకాండ పాడి ఉంటే అది వేరేగా ఉండేది. మంచి గొంతుగల యువకుడు తన గొంతు చూపించుకోకుండా ఉండలేడు. గమకం వేయాలనిపిస్తుంది, చివర స్వరం లాగాలనిపిస్తుంది. 1970లలో ఇది పాడేనాటికి ఆయనకు చూపించుకోవలసింది ఏమీ లేదు. వరస దాదాపు ఒక్కటే. మనవాళ్లు కొందరు దాన్ని లోపం అంటారు, 'ఎంతసేపూ అదే ట్యూను' అని. నేను ఒప్పుకోను. అమ్మ చపాతీలు చేసేటప్పుడు చేతికి ఒక లయ ఉంటుంది. మూడో చపాతీకి లయ మార్చమని అడుగుతామా? ఒకే వరస కావడం వల్లనే మనసు ట్యూను సంగతి మరిచిపోయి కథలో పడుతుంది. ప్రతి ఘట్టం చివరా పల్లవి వచ్చి, ఈ కథ నాది కాదు, నా గురువు నాచేత చెప్పిస్తున్నాడు అన్న భావాన్ని మళ్లీ గుర్తుచేస్తుంది. ఇంత పెద్ద కావ్యాన్ని తెనిగించిన మనిషి తాను పక్కకు తప్పుకుని కూచున్నాడు.

ఇంగ్లీషువాళ్లు తన పాట తానే రాసుకుని పాడేవాణ్ణి ప్రత్యేకంగా ఒక జాతిగా లెక్కపెట్టడం, అటువంటి వాళ్ల రికార్డులు మెత్తటి గిటారుతో ఇంటింటికీ చేరడం 1970ల నాటి ముచ్చట. మనకు ఆ మాట ఎప్పటి నుంచో ఉంది. మాటనూ గేయాన్నీ రెంటినీ చేసేవాడు వాగ్గేయకారుడని 13వ శతాబ్దంలోనే శార్‌ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో నిర్వచించాడు. మన తెలుగు వాగ్గేయకారుల చరిత్ర రాసి రజనీకాంతరావు గారు 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. మన గుడిసెల పక్కనుంచి పోయే గోదావరే దిగువకు పోయి భద్రాచలం చేరుతుంది. అక్కడి రామదాసు కూడా ఈ వంశమే. గద్దర్, అంజయ్య కూడా ఈ వంశమే. రామారావును ఆ వరసలో కూచోబెట్టడానికి పండితులు కొంచెం సంకోచిస్తారు. క్యాసెట్టు కొట్టులో దొరికే మనిషి కదా! 'సుందరదాసు' అని జనం మాత్రం పిలుచుకున్నారు.

ఇక మా అమ్మ ఆ క్యాసెట్టును ఎందుకంతగా పట్టుకుందో చెబుతాను. భక్తి అనుకునేరు. భక్తి ఉన్నమాట నిజమే. కానీ భక్తి పాటల క్యాసెట్లు ఇంట్లో ఇంకా చాలా ఉండేవి.

బాయి దిగే మనిషి లాంపురూములో తన నంబరు బిళ్ల ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక దీపం అప్పజెప్పి బిళ్ల వెనక్కి తీసుకుంటాడు. బిళ్ల ఇంకా అక్కడే వేలాడుతూ ఉంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. బాపు రెండో షిఫ్టుకు పోయిన రాత్రులు, సైరన్ కూసి, తోటివాళ్ల సైకిళ్లు ఒక్కొక్కటే మలుపు తిరిగి పోయాక కూడా ఆయన రాకపోతే అమ్మ ఈ క్యాసెట్టు పెట్టి గడపలో కూచునేది. ఒకరోజు అశోకవనంలో హనుమంతుడు ఉంగరం ఇచ్చే ఘట్టం వస్తోంది. అమ్మ నావైపు చూడకుండానే అంది: "మనకు లాంపురూముల బిళ్ల ఎట్లనో, ఆమెకు ఆ ఉంగరం అట్ల. మనిషి ఉన్నడని ఎరుక."

తర్వాత కాలేజీలో తెలుగు మాస్టారు దగ్గర సుందరకాండ సౌందర్యం గురించి చాలా విన్నాను. ఆ పేరు ఎందుకు వచ్చిందో, 68 సర్గల్లో ఏది గొప్పదో విన్నాను. అవన్నీ నిజమే అయి ఉంటాయి. కానీ ఆ కాండ మొత్తం ఒక కబురు గురించి అన్న సంగతి నాకు మా గడపలోనే తెలిసింది. ఒక మనిషి కనబడకుండా పోయింది. ఉందో లేదో తెలియదు. ఒకడు వెళ్లి చూసి వచ్చి చెప్పాలి. వాల్మీకి హనుమంతుడు తిరిగి వచ్చాక సీత పేరు కూడా తర్వాతే చెబుతాడట, చూశాను అన్న మాటే ముందు వస్తుందట. విన్నవాడి గుండె ఆ అరక్షణం కూడా ఆగకూడదని. ఎందుకో మా ఆడవాళ్లకు ఎవరూ వ్యాఖ్యానించి చెప్పనక్కర్లేదు. "వచ్చిండు" అన్న మాట ముందు రావాలి, మిగతా ముచ్చట్లు తర్వాత. అటువంటి కబురు చెప్పేవాడు అరవకూడదు. రామారావు అరవలేదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చిపడి 17 మంది చనిపోయారు. మా బాపు పనిచేసేది వేరే బాయిలో. నేను అప్పటికి ఉద్యోగరీత్యా వరంగల్లులో ఉన్నాను, కబురు తెలిసి వచ్చాను. ఆ రోజుల్లో మా వరసలో ఒక్క ఇంట్లో కూడా టేపు మోగలేదు, టీవీ మోగలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చాలా రోజుల తర్వాత ఒక సాయంత్రం, ఎన్నో ఏళ్ల కిందట మగణ్ణి పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి, మాకు వరసకు అత్తమ్మ, మా వాకిట్లోకి వచ్చి కూచుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వదినె, గా రామారావును పెట్టరాదు, మెల్లగ" అంది. అమ్మ పెట్టింది. సౌండు గీత దాకా కూడా తిప్పలేదు. ఇద్దరూ విన్నారో లేదో నేను చెప్పలేను. ఒక వైపు అయిపోయి టక్కున ఆగింది. అమ్మ లేచి రెండో వైపు తిప్పింది. ఆ రాత్రి మా వరసలో మోగిన చప్పుడు అదొక్కటే.

మా హాస్టలు రోజుల్లో ఒక మిత్రుడుండేవాడు. గట్టి హేతువాది, మంచి వక్త, యూనియన్ ఎన్నికల్లో గెలిచినవాడు. "అంతా మత్తు రా! కష్టం చేసేవాణ్ణి నిద్రపుచ్చే పాటలివి" అనేవాడు. అప్పుడూ ఇప్పుడూ నా జవాబు ఒక్కటే. నిజంగా నిద్ర అవసరమైన మనిషిని నిద్రపోనివ్వడం చిన్న పని కాదు. డప్పు మనల్ని లేపింది, లేపవలసిందే. మస్టర్లు పోగొట్టుకుని సమ్మె చేసిన మా బాపే ఇంటికొచ్చి ఈ పాట విని పడుకున్నాడు. ఆ రెండూ ఒకే చెవిలోంచి పోయాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఆ మిత్రుడే ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డాడు. 2020 వేసవిలో, ఆ కరోనా రోజుల్లో, నాకొక పాట పంపించాడు. 'నీ రామారావు లాంటి వాడు ఇక్కడ ఒకడు పోయాడు, విను' అని రాశాడు. పాడినాయన పేరు జాన్ ప్రైన్. కుర్రతనంలో షికాగో దగ్గర ఇళ్లకు ఉత్తరాలు పంచిన పోస్టుమన్. తల్లిదండ్రులది కెంటకీ రాష్ట్రంలో ముహ్లెన్‌బర్గ్ అనే బొగ్గు జిల్లా. 1971లో వచ్చిన మొదటి రికార్డులోనే, ఆ జిల్లాలో తండ్రి ఎరిగిన ఊరిని బొగ్గు యంత్రాలు తవ్వి పట్టుకుపోయిన సంగతి పాటగా కట్టాడు. వింటే మీరు ఆశ్చర్యపోతారు, ఎక్కడా కోపంతో గొంతు లేవదు. పిల్లవాడు తండ్రిని మన ఊరికి తీసుకుపొమ్మని అడుగుతాడు, తండ్రి ఆ ఊరు ఇక లేదంటాడు. అంతే. మేడిపల్లి వైపు ఓపెన్‌కాస్టులు వచ్చాక, ఎక్కడ చెరువు ఉండేదో ఎక్కడ మట్టిగుట్ట లేచిందో పోల్చుకోలేక నిలబడ్డ నాబోటి వాడికి ఆ పాటకు అర్థం చెప్పేవాడు అక్కర్లేదు. ఇంగ్లీషు సగమే అర్థమైనా సరే.

1998లో ఆయనకు మెడ దగ్గర క్యాన్సర్ వస్తే శస్త్రచికిత్స చేశారు. గొంతు దిగిపోయి గరుకెక్కింది. మరొకడైతే పాడటం మానేసేవాడు. ఆయన ఆ దిగిపోయిన గొంతుతోనే ఇరవై ఏళ్లు పాడి, 71వ ఏట, 2018లో 'ద ట్రీ ఆఫ్ ఫర్గివ్‌నెస్' అన్న ఆల్బమ్ చేశాడు. 2020 ఏప్రిల్ 7న కరోనాతో పోయాడు. ఆ ఆల్బమ్ నేను రాత్రిపూట వింటాను. చావు గురించి కూడా ముచ్చట పెట్టినట్టే పాడతాడు, మధ్యలో చమత్కారం ఆడతాడు. మతం వేరు, భాష వేరు, వాద్యం వేరు. వయసు మళ్లిన గొంతు ఒక్కటే. వయసు మళ్లాక గొంతులో మిగిలేది బలం కాదు, ఓపిక. మన రామారావు 1992లో కన్నుమూశాడు. ఆయన ఈయన్ని వినలేదు, ఈయన ఆయన్ని వినలేదు. బొగ్గు జిల్లాల వాళ్లం మనం మాత్రం ఇద్దర్నీ వినవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో క్యాసెట్టు లేదు. టేపు సాగిపోయి, రామారావు గొంతు మరీ ముసలిదైపోతే అమ్మే తీసి అటక మీద పెట్టింది. పాట ఫోనులోకి వచ్చింది. బాపు రిటైరై చాలా కాలమైంది, షిఫ్టులు లేవు, పగటి నిద్ర ఇప్పుడు నిజంగా పగటి నిద్రే. పాట అయిపోయాక ఆయనకొక అలవాటు ఉంది, అది నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. లంక కాలడం గురించి గాని, సముద్రం దాటడం గురించి గాని ఒక్క మాట మాట్లాడడు. మధువనం కథ ఎత్తుకుంటాడు. సీత జాడ తెలిసిందన్న సంతోషంలో కోతులన్నీ దారిలో సుగ్రీవుడి తోటలో పడి తేనె తాగి, కొమ్మలు విరిచి, కావలివాణ్ణి కొట్టి నానా అల్లరి చేసిన ఘట్టం. హరికథలో విన్నాడట. మనవలను ఎదురుగా కూచోబెట్టుకుని చెబుతాడు.

"కబురు దొరికింది గదా, ఇగ ఆగుతయా? అన్నీ తోటల వడ్డయి. అచ్చం జీతాల నాడు మనోళ్లు లక్ష్మీనగర్ల వడ్డట్టు."

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంటుంది: "గా ముచ్చట మాత్రం నీకు మంచిగ యాదికుంటది."